బోర్లాపడ్డ కయాక్

మా వసంత బతికే ఉంది!

పొద్దున సాగర్ ఒడ్డున గుడారం ముందు నేను చాయ్ కాస్తుంటే, బిడ్డ ఒక్కతే కయాక్ పడవ వేసుకుని నీళ్లలోకి వెళ్లింది. ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. కాసేపటికి కయాక్ బోర్లాపడి తేలుతూ కనబడింది. బిడ్డ కనబడలేదు. గొంతు పోయేలా పిలిచాను. ఏడుస్తూనే ఫోన్ తీశాను.

ఎంతసేపటికో గుట్ట చాటు నుంచి లైఫ్ జాకెట్‌తో, తడిసి ముద్దయి నడిచొచ్చింది.

"గాలికి గుట్టవతల ఒడ్డున పడ్డ బాపూ. గట్ల ఏడుస్తున్నవేంది?"

"చుట్టాలందరికీ ఫోన్ చేసిన బిడ్డా!"

"సచ్చిపోయిన్నని సెప్పినవా? జర ఆగకపోతివి!"

ఇగ వెంటనే చెప్పాలి: కోదాడ చిన్నమ్మకు, చివ్వెంల పెద్దనాయనకు, అందరికంటే ముందు, శవం మీద కప్పే చీర కొని మిర్యాలగూడలో బస్సెక్కిన మేనమామకు.