పట్టీ కనబడని టేపు

సైలస్ కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు.

యజమాని పద్మనాభ పక్కనుండే కుర్చీ అది. ఆఫీసు పెట్టినప్పటి నుంచి దానిలో సైలస్ తప్ప మరొకరు కూర్చోలేదు.

"రాప్పా సైలస్. ఈయన చంద్రశేఖర్. ఊరు సిరిగేరి. కొత్త వెర్షన్ ప్లానింగ్ అయ్యేదాకా మనతోనే ఉంటాడు."

"నమస్కారమండి" అంటూ ఆయన లేవబోయాడు.

"మీరు కూర్చోండి" అన్నాడు పద్మనాభ.

సైలస్ గోడ పక్కనున్న స్టూలు లాక్కున్నాడు.

బళ్ళారి సత్యనారాయణపేటలో మేడ మీద రెండు గదుల ఆఫీసు అది. ఆసుపత్రుల్లో, జీన్స్ యూనిట్లలో, రైసుమిల్లుల్లో కంప్యూటర్లకు రోజూ నకలు తీసిపెట్టే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అక్కడ తయారవుతుంది. రాసింది సైలస్.

కొత్త వెర్షన్‌లో రెండు చేర్చాలి. పీకి ఇంటికి పట్టుకుపోగల డిస్కులు ఒకటి. టేప్ ఛేంజర్ రెండోది. అది మనిషి చెయ్యి లేకుండా టేపులను తానే మార్చుకునే పెట్టె. టేపు వీపున గీతల పట్టీ ఉంటుంది. ఏ టేపు ఏదో పెట్టె దాన్ని చదివి తెలుసుకుంటుంది.

ఛేంజర్‌ను సైలస్ కిందటేడే ఒక ఆసుపత్రిలో ప్రయోగంగా పెట్టాడు. ఇప్పుడు అందరికీ ఇవ్వాలి. ఆ పనికి పెద్ద ఎవరో పద్మనాభ ఇంకా చెప్పలేదు. తన పేరే చెబుతాడని సైలస్ ఇంట్లో చెప్పి ఉన్నాడు.

బోర్డు మీద సైలస్ ఒక్కో నియమం రాస్తూ పోయాడు.

"పట్టీ చదవలేకపోతే కొత్త టేపు అనుకోవాలి. దాని మీద రాయాలి."

"ఎందుకు అనుకోవాలండీ? ఆగి మనిషిని అడగొచ్చుగా?" అన్నాడు చంద్రశేఖర్.

"మనిషి లేకుండా నడిచేకే కదా ఛేంజర్?"

"నిజమేనండి. అయినా పట్టీ మీద ఏదైనా పడొచ్చు."

"ఏం పడతాది? పెట్టెకు తలుపుండాది."

పద్మనాభ లేచి సైలస్ రాసిన గీత కింద ఇంకో గీత రాశాడు: 'ఆగి అడగాలి.'

సైలస్ రాసినదాని మీద ఆయన చెయ్యి పెట్టడం అదే మొదలు.

టిఫినుకు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి. మొదటి ప్లేటు చంద్రశేఖర్‌కు పోయింది.

మెట్ల దగ్గర సైలస్ పద్మశ్రీని ఆపాడు. ఆమె ఆఫీసులో లెక్కలు చూస్తుంది.

"యాడ పట్టకొచ్చినాడమ్మా సార్ ఈ అండీగారిని?"

"మంచోడు మాదిరే ఉండాడన్నా. నీకేంటికి అంత కుళ్లు?"

"కుళ్లు కాదు. బజ్జీ కారం."

"నువ్వు బజ్జీ ముట్టనే లేదు కదన్నా" అంది పద్మశ్రీ.

వారమంతా అదే వరస. డిస్కుల సంగతి చంద్రశేఖర్ సైలస్‌కే వదిలేశాడు. టేపు దగ్గరికి వచ్చేసరికి అదే మాట అడిగేవాడు. పట్టీ కనబడకపోతే?

శనివారం సైలస్ ఓపిక అయిపోయింది.

"మిషన్ తప్పు చేయదు సార్, మనిషే చేస్తాడు. పోయినేడు ఆసుపత్రిలో ఏమాయె? ఎవడో మొద్దు తప్పు టేపు పెట్టినాడు. పాత స్కానులన్నీ పాయె. వానంతట వాడే ఒప్పుకున్యాడు కూడా. అట్లాంటోళ్ల కోసం మనం నియమాలు మార్చుకుంటా పోవల్లా?"

పద్మనాభ సైలస్ వైపు చూశాడు. నోరు తెరవబోయాడు. చంద్రశేఖర్ బల్ల కింద ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

"అవునండి. అతను ఒప్పుకున్నాడు" అన్నాడు చంద్రశేఖర్.

సోమవారం కుర్చీ ఖాళీగా ఉంది. సైలస్ కూర్చున్నాడు.

"ఆయన రాల్యా సార్?"

"రాడంట. బిడప్పా, పోనీ. పని ఇంక నువ్వే చూసుకో."

పద్మనాభ బయటికి పోగానే సైలస్ లేచి 'ఆగి అడగాలి' అన్న గీతను అరచేత్తో తుడిచేశాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు సైలస్ ఎప్పటిలాగే గడప అవతల నిలబడ్డాడు. వాళ్లది మిషన్ చర్చి కుటుంబం. పూజ అయ్యాక బొరుగులు, లడ్డు మాత్రం అందరితో కలిసి తిన్నాడు.

సెలవు అయ్యాక వచ్చి ఛేంజర్‌ను పరీక్షకు పెట్టాడు. తెర మీద రెండు మాటలు వచ్చాయి.

కొత్త టేపు. రాస్తున్నాను.

అది కొత్త టేపు కాదు. అందులో వాళ్ల ప్రోగ్రామే ఉంది. సైలస్ వైరు పీకాడు. అప్పటికే టేపు మొదలు చెరిగిపోయింది.

బయటికి తీశాడు. గీతల పట్టీ మీద గంధం, దాని మీద కుంకుమ.

"ఎవరు పెట్టినారు ఇది?"

"నేనే అన్నా" అంది పద్మశ్రీ. "ఆయుధపూజ కదా. కీబోర్డుకు, ప్రింటరుకు, అన్నిటికీ పెడితి. టేపులను ఎట్ల ఇడుస్తాం?"

"అన్ని ఆఫీసుల్లో పెడతారా?"

"యాడైనా అంతే కదన్నా. నువ్వెప్పుడూ లోపలికి రావు గానీ."

సైలస్ కుర్చీలో కూర్చోలేదు. టేపు తీసుకుని పద్మనాభ ముందు పెట్టాడు.

"ఆసుపత్రిలో టేపులు పోయింది ఎప్పుడు సార్?"

"పోయిన దసరా మరుసటి దినం."

పద్మనాభ గోటితో కుంకుమ గీకాడు. దాని కింద గీతలు కనబడ్డాయి.

"చంద్రశేఖర్‌ను పిలవండి సార్. ఆయన చెప్పిన నియమం పెడదాం."

"పిలిస్తి, రానన్యాడు. మడికి కాలువ నీళ్లు కట్టుకుంటాండాడంట."

"ఎవరు సార్ ఆయన? ఆయనకెట్ల తెల్సు?"

"ఉద్యోగం పోతాదే, తప్పు నాదని ఎందుకు అంటాండావప్పా అని పోయినేడు ఆయన్ని అడిగినా. నాకు సిరిగేరిలో మడి ఉందండి, ఆ ప్రోగ్రాము రాసినాయనకు ఈ పనొక్కటే కదా అన్యాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాల్యా."

"ఎవరు సార్?"

పద్మనాభ టేపును అతని చేతిలో పెట్టాడు.

"నువ్వు మొద్దు అంటివే సైలస్, ఆ ఆసుపత్రాయన."