రెప్ప వెయ్యని పిల్ల

బొంబాయి నుంచి వచ్చే అమరనాథ్ సార్‌ను మోసం చెయ్యడానికి భావ్య చెయ్యాల్సిన పని ఒక్కటే: రెప్ప వెయ్యకుండా చూడటం. మిగతాదంతా ఓపెన్‌కాస్టు గని చూసుకుంటుంది.

ఆ గనిలో రోజూ మధ్యాహ్నం రాయి పేలుస్తారు. ముందు సైరన్ కూస్తుంది. కాసేపటికి ధన్‌మని నేల కదిలి, గోదావరిఖనిలో గని పక్కనున్న బస్తీ ఇళ్ళలో గిన్నెలన్నీ గలగలమంటాయి. బస్తీవాళ్ళకు అదొక లెక్కలోది కాదు. మాట్లాడుతున్న మాట కూడా ఆపరు. బైక్ మెకానిక్ తాబిష్‌కు మాత్రం అందులో సినిమా కనబడింది.

రెండేళ్ళు చచ్చీచెడీ తీశాడు దాన్ని. పాత గనిలో పడి, ఏదో గ్యాసు పీల్చి, చూపుతోనే వస్తువులు పగలగొట్టే శక్తి వచ్చిన పిల్ల కథ. సైంటిస్టు ల్యాబు తాబిష్ షెడ్డే. రాక్షసుడు రాయమల్లు కాక, ఒంటి నిండా సైకిల్ ట్యూబులు, నెత్తిన హెల్మెట్. రక్తం బీట్‌రూట్ రసం. కమాన్‌పూర్ నుంచి బస్సులో వచ్చే భావ్య గట్టిగా నవ్వడానికి కూడా మొహమాటపడుతుంది గానీ, కళ్ళు పెద్దవి కాబట్టి ఆమే హీరోయిన్. గ్రాఫిక్స్ ఖర్చు పైసా లేదు. సైరన్ కూయగానే ఫోన్ ఆన్ చేసేవాళ్ళు. ధన్‌మనగానే భావ్య చూసేది. గ్లాసులు పడేవి. తీసిన ముక్కను తీసినట్టే హార్డ్ డిస్కులోకి ఎక్కించి, చోటు కోసం ఫోన్‌లోది చెరిపేసేవాళ్ళు. సినిమా మొత్తం ఆ ఒక్క డిస్కులోనే ఉంది.

ట్రైలర్ చూసి నవ్వినవాళ్ళే గానీ కొంటామన్నవాళ్ళు లేరు. అలాంటి సమయంలో, బొంబాయిలో సినిమాలు కొనే కంపెనీ నుంచి అంటూ అమరనాథ్ ఫోన్ చేశాడు.

"నీకు నిజంగనే శక్తి ఉన్నదంటె ఎగబడి కొంటడు చెల్లే," అన్నాడు తాబిష్.

"గది అబద్ధం గదన్నా?"

"సిన్మా అంటెనే అబద్ధం. పెద్దోళ్ళు కోట్లు పెట్టి చెప్తరు, మనం ఫ్రీగ చెప్తున్నం. ఫికర్ చెయ్యకు. బొంబాయోనికి మన గని సంగతి ఏమెరుక?"

అమరనాథ్ నల్ల కళ్ళజోడుతో, గది నిండా అత్తరు వాసనతో తాబిష్ ఇంట్లో దిగాడు. తాబిష్ వాళ్ళమ్మ సర్వరీ బేగం చాయ్ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అల్మారా మీద, ప్లాస్టిక్ పూల వెనక, ఫోన్ వీడియో తీస్తూనే ఉంది. బొంబాయి మనిషి భయపడటం దొరికితే ప్రచారానికి పనికొస్తుందని తాబిష్ ఆశ.

"మా హీరోయిన్ యాక్టింగ్ చెయ్యలే సార్. ఆమె చూపుల నిజంగనే కరెంటు ఉన్నది."

"అచ్ఛా?" అమరనాథ్ నవ్వాడు. "జర చూపించండి మరి."

భావ్య కళ్ళు మూసుకుంది. సైరన్ కూసింది.

"షిఫ్టు సైరన్ సార్, గంతే," అన్నాడు తాబిష్, గోడ అర అంచున పేర్చిన స్టీలు గ్లాసుల మీది నుంచి చూపు తిప్పకుండా. భావ్య నవ్వు ఆపుకోవడానికి లోలోపల పదమూడో ఎక్కం చదువుకుంటోంది.

ధన్!

ఆమె కళ్ళు తెరిచింది. గ్లాసులు టపటపా రాలాయి. ఫ్యాను ఊగింది.

"బాప్ రే!" అమరనాథ్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పాక్కుంటూ లేచి రెండు చేతులూ జోడించాడు. "దేవీ! నా దిక్కు చూడకు తల్లీ!"

వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చిన సర్వరీ బేగం, పడ్డ గ్లాసులు ఏరుకుని మళ్ళీ లోపలికి పోయింది.

అమరనాథ్ చెమట తుడుచుకున్నాడు. "ఈ సినిమా నాదే. ఇంకెవరికీ ఇవ్వొద్దు. కాపీ ఎవరి దగ్గరా ఉండకూడదు."

"ఇదొక్కటే డిస్కు సార్. ఒట్టు!"

అమరనాథ్ దాన్ని దేవుడి పటంలా కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకున్నాడు. బొంబాయిలో పెద్దసార్లకు చూపించి వెంటనే అగ్రిమెంటుతో వస్తానన్నాడు. భావ్య వైపు వీపు కూడా తిప్పకుండా, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి ఆటో ఎక్కాడు.

ఆటో మలుపు తిరిగిందో లేదో తాబిష్ మంచం మీద ఎగిరి దూకాడు. భావ్య కడుపు పట్టుకుని నేల మీద కూలబడింది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా నవ్వడం ఆమెకదే మొదలు. మిరపకాయ బజ్జీలు వచ్చాయి. అల్మారా మీది ఫోన్ దిగింది. ధన్‌మన్న దగ్గర్నుంచి పెట్టి అమరనాథ్ పడటం చూశారు, మళ్ళీ చూశారు, ఆపి ఆపి చూశారు.

"ఏం పడ్డడన్నా! మన రాయమల్లు కాకకు గింత యాక్టింగ్ రాదు."

"పోస్టర్ మీద నీ కండ్లు గింతగింత పెట్టిస్త చెల్లే, ఫోర్ ఇంక్లయిన్ చౌరస్తా దాకా కనవడాలె!"

సర్వరీ బేగం చున్నీకి చేతులు తుడుచుకుంటూ వచ్చి వాళ్ళ మధ్యన కూర్చుంది. "నాకు గూడ మొదటికెల్లి పెట్టుర్రి. వంటింట్ల ఉండి నేనేం జూడలే."

భావ్య మొదటి నుంచి పెట్టింది. ఆవిడ ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. సైరన్ కూసింది. భూమి ఇంకా కదలనే లేదు. ఆవిడ వేలితో వీడియో ఆపింది.

"ఈ పిలగాడు ఏ బస్తీ వాడు బిడ్డా?"

"బస్తీ ఏంది పెద్దమ్మా, బొంబాయి ఆయన!"

"బొంబాయిల గూడ సైరన్ కూయంగనే, పైకెల్లి మట్టి రాల్తదని, చాయ్ గ్లాసు మీద చెయ్యి మూత పెడ్తరా?"