మోతిని అడిగిన మాట

జట్కా తోలే సైదులు పెరట్లో మోతి అనే ముసలి గుర్రం ఉండేది. పళ్లు అరిగిపోయి, పెట్టిన ఉలవలు నమల్లేక రాల్చేస్తోంది. అది చూసి సైదులు ఆ వేళ బండి కట్టలేదు. ఉలవలు మెత్తగా ఉడికించి పెట్టి, దాని కళ్ల గంతలు తీసి చూరుకి తగిలించాడు.

మోతికి ఏమీ అర్థం కాలేదు.

"అమ్మడానికే మేపుతున్నాడు," అంది మేక. "మా అమ్మకీ ఇలాగే పెట్టారు."

"కాదు, విశ్రాంతి ఇస్తున్నాడు," అంది కోడిపుంజు. "ఇక హాయిగా నీడలో పడుకోవచ్చు."

"పడుకుని ఏం చెయ్యాలి?" అని అడిగింది మోతి.

అంతలో సైదులు వచ్చి దాని కట్టు విప్పాడు. "నాకు పాలుపోవడం లేదు. నువ్వే చెప్పవే తల్లీ, బండి కట్టమంటావా, మానమంటావా?"

మోతికి మరీ అయోమయమైంది. ఇన్నేళ్లూ ఎడమ పగ్గం లాగితే ఎడమకి, కుడి పగ్గం లాగితే కుడికి పోయింది. ఏ పగ్గమూ లాగకపోతే ఎటు పోవాలో దానికెవరూ నేర్పలేదు. అటూ ఇటూ చూసి, తెలిసిన చోటు అదొక్కటే కనక, వెళ్లి బండి ముందు రోజూ నిలబడేచోటే నిలబడింది.

సైదులు కళ్లు తుడుచుకున్నాడు.

"ముసలిదైనా దీని మనసంతా పని మీదే," అంటూ చూరుకి తగిలించిన గంతలు అందుకున్నాడు.

గంతలు కట్టగానే మోతికి అయోమయం పోయింది.