మాస్టారి కారుకు టర్బో

"టర్బో నేను పెట్టను మాస్టారూ. మీరు ఏమైనా అనుకోండి," అంటూ మెకానిక్ బానెట్ దించబోయింది.

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండమ్మా. కాగితంలో ఇంకా ప్రశ్నలున్నాయి."

టౌన్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఈ మెకానిక్‌కీ, షెడ్డులో ఓ పక్క వెల్డింగ్ చేస్తున్న ఆమె అన్నకీ కూడా. నేర్చుకునేవాళ్ల స్పీడు ముప్పై దాటిందంటే, పక్క సీట్లో తన కాలి కిందున్న రెండో బ్రేకు తొక్కేసే మనిషి. పోయిన నెల డ్రైవింగ్ స్కూలు మూసేశారు. ఇవాళ పొద్దున్నే ఆ స్కూలు కారునే తీసుకొచ్చి, దీనికి టర్బో పెట్టమంటున్నారు.

అన్న ముఖానికున్న అద్దం పైకెత్తాడు. "మాస్టారూ, మీరు మూడో గేరు మొహం చూసి ఎన్నాళ్లయింది?"

"నాలుగోది కూడా ఉందిరా. నాకు తెలుసు," అన్నారు మాస్టారు. కళ్లజోడు సర్దుకుని కాగితం చదివారు. "మూడో ప్రశ్న. పిస్టన్లు మార్చకుండా ఎంత ప్రెషర్ దాకా వెళ్లొచ్చు?"

మెకానిక్ చెయ్యి బానెట్ మీదే ఆగిపోయింది. దారిన పోయేవాళ్లు అడిగే ప్రశ్న కాదిది.

"ఆరు పౌండ్ల దాకా పర్లేదు. అత్యాశకు పోతే పిస్టన్లు కరిగి కూర్చుంటాయి."

ఆయన పెన్సిల్‌తో జాగ్రత్తగా రాసుకున్నారు. "నాలుగు. పెద్ద టర్బో అయితే ఆలస్యంగా అందుకుంటుంది కదా. ఎత్తు ఎక్కడానికి చిన్నదే మేలా?"

"చిన్నదే మేలు." ఆమె తనకు తెలియకుండానే బానెట్ మళ్లీ పైకెత్తింది. "కానీ ఇక్కడ చోటు చాలదు."

"చాలుతుంది. బ్యాటరీని డిక్కీలోకి మార్చెయ్," అన్నాడు అన్న వెనక నుంచి తొంగిచూస్తూ.

"నిన్నెవరడిగారు?"

"ఊరికే. చూస్తుంటే చెయ్యి దురద పుడుతోంది."

మరో పావుగంటకి అన్నాచెల్లెళ్లిద్దరూ నేల మీద గొంతుక్కూర్చున్నారు. సుద్దముక్కతో గీసిన ఇంజిన్, దాని పక్కన టర్బో, రెంటినీ కలుపుతూ గొట్టాలు. ఆయిల్ ఎక్కడి నుంచి తీయాలి, వేడెక్కిన గాలిని ఎక్కడ చల్లబరచాలి అని వాదులాడుకుంటున్నారు. మాస్టారు వంగి చూసి చూసి మెల్లగా అడిగారు.

"ఇంతకీ ఈ టర్బో ఏం చేస్తుందమ్మా?"

సుద్దముక్క ఆగింది.

"తెలియకుండానే ఇవన్నీ అడిగారా?"

"తెలుసులే. నువ్వెలా చెబుతావో విందామని."

"మామూలుగా ఇంజిన్ తనకు కావలసిన గాలి తనే పీల్చుకుంటుంది. టర్బో పెడితే, సైలెన్సర్ వైపు పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇంకో పక్క నుంచి గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది."

"మారాం చేసే పిల్లాడి నోట్లో ముద్ద కుక్కినట్టు."

"అంతే. పిల్లాడికి ఒళ్లొస్తుంది. ఆ బలానికి తగ్గట్టు బ్రేకులు కూడా కొత్తవి వేయాలి. అప్పుడు పక్క సీటు బ్రేకు తీసేయాల్సిందే. దాని కడ్డీ అడ్డొస్తుంది. ఎలాగూ స్కూలు లేదుగా."

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అది మాత్రం తీయొద్దు."

"నడిపేది మీరైతే పక్క సీటుకి బ్రేకెందుకు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు.

"అయితే నడిపేది మీరు కాదన్నమాట. మరెవరు?"

"మా ఇంట్లోవాళ్లే."

"మీ అబ్బాయా?" అన్న లేచి నిలబడ్డాడు. "వాడు సైకిలుతో గుద్దిన గోడ ఇంకా వంకరగానే ఉంది మాస్టారూ."

"ఆ ప్రశ్నలు రాసిచ్చింది కూడా వాడేనా?" మెకానిక్ కూడా లేచింది. "అందుకే మొదటే వద్దన్నాను. రేపు జరగరానిది జరిగితే, పెట్టిన చేతులు నావి. మీ మొహం నేనెలా చూడను?"

మాస్టారి గొంతు తగ్గింది. "మాట ఇచ్చానమ్మా. స్కూలు మూసిన రోజున, ఇక ఈ కారు నీది, నీ ఇష్టం అనేశాను. ఇప్పుడు కాదంటే ఇంట్లో నన్ను మనిషిగా చూడరు. ఆ బ్రేకొక్కటి ఉంచావంటే పక్కనే కూర్చుని కనిపెట్టుకుంటాను. కాస్త దారి చూడు."

"చూడటానికి దారి లేదు మాస్టారూ. టర్బో కావాలంటే ఆ బ్రేకు పోవాలి. బ్రేకు ఉండాలంటే టర్బో మానుకోవాలి. ఇంటికెళ్లి ఆ మాటే చెప్పండి."

"ఇంటిదాకా ఎందుకులే," అంటూ వెనక నుంచి ఓ ఆడగొంతు వినిపించి ముగ్గురూ తిరిగి చూశారు.

షెడ్డు గుమ్మంలో మాస్టారి భార్య నిలబడి ఉంది. డ్రైవింగ్ స్కూల్లో బల్ల దగ్గర కూర్చుని అందరి లైసెన్సు ఫారాలూ నింపిపెట్టింది ఆవిడే. ఆ కారెక్కగా మాత్రం ఎవరూ చూడలేదు.

మెకానిక్‌కి ప్రాణం లేచివచ్చింది. "సమయానికి వచ్చారు పిన్నిగారూ. విన్నారుగా. ఆ బ్రేకు తీయకుండా కుదరదంటే మాస్టారు ఒప్పుకోవడం లేదు. మీరైనా నచ్చజెప్పి ఈ టర్బో గొడవ మాన్పించండి."

"నువ్వెందుకొచ్చావు?" అన్నారు మాస్టారు.

ఆవిడ నేల మీది బొమ్మ ముందు ఆగి, తాపీగా పరీక్షగా చూసింది. "ఈ గొట్టానికి ఇన్ని వంపులెందుకమ్మా? గాలి ఎక్కడికక్కడ ఆగిపోతుంది," అంది.

అన్నాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆవిడ వెళ్లి కారు తలుపు తీసి, డ్రైవరు సీట్లో కూర్చుని, సీటు కాస్త ముందుకు జరుపుకుంది.

"ఆ బ్రేకు పోవాలనే కదమ్మా, నేను టర్బో అడిగింది."