తొలి దోసె ఎవరిది?

దేశంలోని దోసెల యంత్రాలన్నిటినీ నడిపే ప్రోగ్రామును హైమవతి రాసి, ఉచితంగా ఇచ్చేసింది. ఒకటే షరతు: రాసినవాళ్లు హోటలుకొస్తే ఆ పూట తొలి దోసె వాళ్లది, ఎవరైనా ప్రోగ్రామును ఇంకా బాగుచేస్తే, ఇక తొలి దోసె ఆ బాగుచేసినవాళ్లది. తొలి దోసె పెనానికి అంటుకుంటుందన్న సంగతి అప్పుడామెకు తట్టలేదు. పన్నెండేళ్లుగా ఏ ఊరెళ్లినా ఆమెకు దక్కింది చిరిగిన ముక్కలే.

ఆ ఉదయం ఒంగోలులో, మస్తానమ్మ హోటల్లో, తొలి దోసె గుండ్రంగా లేచింది. హైమవతి ఆశగా ప్లేటు చాపింది.

"ఆగమ్మా! అంటుకోకుండా నీ ప్రోగ్రామును నిన్న నేనే సరిచేశా. ఇది నాది," అంది మస్తానమ్మ.

హైమవతి పకపకా నవ్వింది. "సవరణ అందరికీ పంచావా అక్కా?"

"పంచకుండా ఉంటానా? ఇక ఏ ఊళ్లోనైనా తొలి దోసె నాదే. నువ్వు రెండోది తిను."

మస్తానమ్మ దోసె తుంచి పచ్చడిలో అద్దేలోగా హైమవతి ల్యాప్‌టాప్ తెరిచింది.

"అక్కా, అంచులు ఇంకాస్త కరకరలాడాలి కదూ?"