వేలెడంత పిన్ను

వ్యాను వెనక తలుపు తెరుచుకుంది. మడత ర్యాంపు మాత్రం తెరుచుకోలేదు.

దాని రెండు రేకుల్నీ కలిపి ఉంచే పిన్ను దారిలో ఏ గతుకులోనో జారిపోయింది. పై రేకు వ్యానుకు వేలాడుతోంది. కింది రేకు ఊడి నేలమీద పడింది.

వ్యాను లోపల, బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీలో, కొత్త బట్టల్లో మరదలు.

"ఏం బావా, నన్ను దించుతావా, ఇక్కడే కాపురం పెట్టమంటావా?"

"ఉండవే తల్లీ! పిన్ను ఊడింది."

"నీ వ్యానులో ఊడనిదంటూ ఏదైనా ఉందా?"

"ఉంది. నీ నోరు."

ఎదురుగా కళ్లజోళ్ల కార్ఖానా. అద్దాల మీద గీతలు కనిపెట్టే ఉద్యోగం. చక్రాల కుర్చీ పట్టేలా చేయించిన బల్ల అక్కడ ఒక్కటే ఉంది. ఆ బల్ల మరదలిదయింది. పదింటిలోపు చేరకపోతే మాత్రం, ఎంపికలో రెండోదిగా నిలిచిన అమ్మాయికి ఇచ్చేస్తారు. ఆ అమ్మాయినీ ఈ రోజే రమ్మన్నారు.

"పోనీ, ఎత్తుకుని దించేస్తాను. రా."

"నన్ను దించుతావు. కుర్చీనో?"

ఆ కుర్చీని కదిలించాలంటే నలుగురు కావాలి.

"ఎత్తుకుని లోపలికి తీసుకెళ్తే, రేపట్నుంచి రోజూ ఎవరు ఎత్తుకొస్తారమ్మా అంటారు. నా చక్రాల మీద నేనే వెళ్తాను బావా."

ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

బావ రోడ్డు దాటి ఇనప సామాను కొట్టుకు పరుగెత్తాడు.

కొట్టు ముందు ఒక పెద్దాయన రబ్బరు బిళ్లలు ఏరుతున్నాడు. ఒక్కొక్కటీ వంచి చూసి, గోటితో గీకి చూసి, పక్కన పెడుతున్నాడు.

"పెద్దాయనా, రబ్బరు బిళ్ల చూస్తున్నారా, పిల్లకి సంబంధం చూస్తున్నారా?" అన్నాడు కొట్టు యజమాని.

"చక్రం జారకూడదయ్యా. అందుకే."

"కాస్త జరుగుతారా?" మధ్యలో దూరాడు బావ. "నాకక్కడ కొంప మునుగుతోంది!"

పెద్దాయన జరిగాడు.

యజమాని పిన్నుల డబ్బా బోర్లించాడు. ఒకటి లావు. ఒకటి సన్నం. సరిపోతుందనుకున్నది పొడవు చాలలేదు.

"పాత రకం ర్యాంపు. దీని పిన్నులు రావడం మానేశాయి. రెండు చెక్కలు వేసి దించెయ్యండి."

"చెక్క విరిగితే?"

యజమాని పిన్నులన్నీ ఏరి మళ్లీ డబ్బాలో వేసుకున్నాడు.

బావ మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎవరికి బాబూ, అంత తొందర?" పెద్దాయన అడిగాడు.

"మా మరదలికండీ. ఎదుటి కార్ఖానాలో ఉద్యోగం. పదింటిలోపు వెళ్లకపోతే ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తారు. ఆవిడ అప్పుడే వచ్చి కూర్చుందట. ఎంత ఆత్రమో చూడండి!"

పెద్దాయన వేళ్ల మధ్య రబ్బరు బిళ్ల ఆగిపోయింది.

ఆయన కార్ఖానా వైపు చూశాడు. వ్యాను వైపు చూశాడు. తనకూ నేలకూ మధ్య ఉన్న ఆ కాస్త లోతునూ మరదలు వంగి చూసుకుంటోంది.

బిళ్లలు అక్కడే వదిలేసి, ఆయన పక్క సందులోకి వెళ్లిపోయాడు.

"పొద్దుట్నుంచీ ఏరి, చివరికి ఒక్కటీ కొనలేదు!" గొణిగాడు యజమాని.

బావ ఇంకో కొట్టు వెతుక్కుందామని లేచేసరికి, పెద్దాయన మళ్లీ ఎదురయ్యాడు. ఆయన చేతిలో వేలెడంత పిన్ను. దాని మీద నూనె తడి ఆరలేదు.

ఆయనే వ్యాను దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. రేకులు కలిపాడు. పిన్ను దూర్చి, రాయితో మెల్లగా తట్టాడు. అది తన ఇంట్లోకి తాను వెళ్లినట్టు వెళ్లింది.

"అచ్చుగుద్దినట్టుంది! ఎక్కడిదండీ?"

"నా ఆటో ర్యాంపుది."

"మరి మీకో?"

"నాకిప్పుడు తొందరేముంది బాబూ! ముందు అమ్మాయిని దించు."

కుర్చీ కదిలింది. పెద్దాయన అరచేయి చక్రం పక్కనే దిగుతూ వచ్చింది.

"నిదానంగా తల్లీ. భుజాలు వెనక్కి ఆనించుకో."

"మా బావకంటే మీరే నయం తాతగారూ!"

ఆయన నవ్వాడు. "వెళ్లు తల్లీ. లోపల మంచినీళ్లు తాగి, అప్పుడు కూర్చో."

కార్ఖానా మెట్ల పక్కన సిమెంటు వాలు ఉంది. మరదలు దాని మీదుగా, ఎవరి చేయీ పడకుండా, లోపలికి వెళ్లింది.

సంతకం పూర్తయ్యేసరికి పది కొట్టింది.

మూలన ఇంకో చక్రాల కుర్చీలో కూర్చున్న అమ్మాయి దగ్గరికి వెళ్లింది కార్ఖానా మేడమ్.

"ఈవిడ వచ్చేశారమ్మా. ఇక నువ్వు వెళ్లొచ్చు."

ఆ అమ్మాయి బల్ల వైపు ఒకసారి చూసింది. చక్రాలు తిప్పుకుంటూ మరదలి పక్కకు వచ్చింది.

"కిటికీ వెలుతురు బల్ల మీదికే వస్తోందక్కా. కళ్లకి శ్రమ ఉండదు," అని వెళ్లిపోయింది.

బావ ఆనందంతో పిన్ను ఊడదీసి, ర్యాంపును మడిచి తాడుతో కట్టేశాడు. పిన్ను తిరిగి ఇచ్చేద్దామని పక్క సందులోకి నడిచాడు.

సందు చివర ఒక ఆటో. దాని వెనక నుంచి మాటలు.

"ఆవిడ వచ్చేసింది నాన్నా."

"మంచిదమ్మా."

"అదేంటి, మన ర్యాంపు ఊడి ఉంది?"

"పిన్ను ఎక్కడో జారిపోయినట్టుంది. రా, నా మెడ పట్టుకో."

పిడికిట్లో పిన్నుతో బావ ఆటో వెనక్కి వచ్చి చూస్తే, కార్ఖానా నుంచి తిరిగి వచ్చిన ఆ అమ్మాయిని రెండు చేతులా ఎత్తుకుని ఆటో ఎక్కిస్తున్నాడు ఆ పెద్దాయన.