ఎడమచేతి కుట్టు

ఆ అవ్వ కోస్గిలో బస్సు దిగి, దారిలో మరే గడపా ఎక్కకుండా నేరుగా వెంకటరాజం ఇంటి అరుగు మీదికొచ్చి కూర్చుంది.

"పాత బొంతలుంటే తియ్యి బిడ్డా. కుట్టిపెడత."

లోపలి నుంచి ఆండాళు వచ్చింది. వెంకటరాజం ఒక్కగానొక్క కూతురు. పందొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది.

"మీ బాపు లేడా?" అవ్వ అడిగింది.

"నేసిన చీరలు పట్కొని పాలమూరు పోయిండు. పొద్దుగూకినంక వస్తడు. బాపు నీకెర్కనా?"

"చీరలు నేసెటాయన్ని ఎవలెరుగరు బిడ్డా."

ఆండాళు లోపలికెళ్లి ఒక బొంత తెచ్చింది. పసిపిల్లలకు వేసే చిన్న బొంత. ఒక మూల చిరిగింది.

"గిది మా అమ్మ కుట్టింది. నేను కడుపుల ఉన్నప్పుడు. నన్ను కన్న మూడో దినం గత్తరొచ్చి, వాంతులు బేదులై పోయింది. అమ్మను నేను చూడలే, గీ బొంతనే చూసిన."

అవ్వ రెండు చేతులూ చాపి బొంతను అందుకుంది.

"నా బిడ్డను ముందుగాల దీని మీదనే పండవెడత. చిరిగిన కాడ కుట్టు. అమ్మ కుట్టు మాత్రం ఇప్పకు."

"ఇప్ప బిడ్డా. పక్కపొంటి కుడత."

బొంతను ఒళ్లో పరుచుకుని అవ్వ చాలాసేపు వేళ్లతో తడిమింది. తన మూటలోంచి ఒక మెత్తటి గుడ్డ ముక్క తీసి, చిరుగు మీద పెట్టి, సూది అందుకుంది. ఇంక ఆవిడకు ఎండ లేదు, దాహం లేదు.

"ఎన్నేండ్ల సంది కుడుతున్నవ్ అవ్వా?"

"పదేండ్ల పిల్లనప్పటి సంది. సూది చేతిలుంటే నాకు ఆకలి గూడ యాదికి రాదు. మనిషి కట్టి కట్టి మెత్తగైన బట్ట ఎంత మంచిగుంటది! దాన్ని పారేస్తుంటే నా పానం ఊకోదు."

ఆండాళుకు ఆ మాట నచ్చింది. మజ్జిగ తెద్దామని లేచింది. అప్పుడు చూసింది.

"ఎడమ చేత్తో కుడుతున్నవా? తియ్యి! చెయ్యి తియ్యి!"

ఆండాళు మనసు చెడ్డది కాదు. నోరే కాస్త ముందు పరిగెత్తుతుంది.

"పుట్టుకతోటి గంతే బిడ్డా. నా కుట్టు చెయ్యి గదే."

"మా అమ్మ బొంతకు ఎడమ చెయ్యి తగలొద్దు. కుడి చేత్తో కుట్టు, లేకుంటే ఇడిసిపెట్టు."

అప్పటికి రెండు వరసలు అయ్యాయి. అవ్వ సూదిని కుడి చేతికి మార్చుకుంది. వేళ్లు మాట వినలేదు. రెండుసార్లు సూది గుచ్చుకుంది. నెత్తురు బొంతకు అంటకుండా తన కొంగుకే తుడుచుకుంది.

"మా అమ్మ కుట్టు ఎంత సక్కగున్నది! నీది చూడు, ఎట్లున్నదో."

అవ్వ నవ్వింది.

"మీ అమ్మ అదృష్టమంతురాలు బిడ్డా."

ఆండాళు చాటలో జొన్నలు తెస్తే అవ్వ వద్దంది.

"నీ పాత చీర కొంగు ముక్క ఒకటియ్యి. నేను కప్పుకునే బొంతల ఏసుకుంట."

ఇదేం కోరికో అనుకుంటూ ఆండాళు చింపి ఇచ్చింది. దాన్ని మూటలో భద్రంగా దాచుకుని, ఆవిడ లేచింది. దీవించడానికి ఎడమ చెయ్యి ఎత్తి, మళ్లీ దించుకుని, కుడి చెయ్యి ఆండాళు తలమీద పెట్టింది.

సాయంత్రం వెంకటరాజం వచ్చాడు.

"చూడు బాపూ, ఎట్ల వంకరటింకర కుట్టిందో! ఎవరో అవ్వ. ఎడమ చేత్తో మొదలువెడితే, నేను అర్సి కుడి చేత్తో కుట్టిచ్చిన."

వెంకటరాజం బొంతను చేతిలోకి తీసుకున్నాడు.

"ఎడమ చేత్తో కుట్టినయి యేవి?"

ఆండాళు వంగి వెతికింది. దారం కొత్తది కాబట్టి ఆ రెండు వరసలు దొరికాయి. కుట్టులో మాత్రం పక్కనున్న పాత వరసలకూ వాటికీ తేడా లేదు. అదే సన్నటి కుట్టు, అదే ఎడమ వాలు.

వెంకటరాజం గబగబా వాకిట్లోకొచ్చి వీధి అటూ ఇటూ చూశాడు.

"ఎటు పోయింది బిడ్డా?"

"పగటి బస్సెక్కింది. ఎటో చెప్పలే. ఏమైంది బాపూ?"

"మీ అమ్మకు సూదిల దారం ఎక్కియ్యనీకె గూడ రాదు," అన్నాడు. "గా గత్తర్లనే తన చంటిబిడ్డ పోయిన ఒకామె, మీ అమ్మ చీరలు ముందరేసుకొని గీ బొంత కుట్టింది. 'అమ్మ కుట్టిందని చెప్పన్నా, పిల్లకు అమ్మ చెయ్యి యాదుండాలె' అని ఊరిడిసి పోయేటప్పుడు నాతోని ఒట్టేయించుకున్నది, నాలుగు నెలలు నీకు పాలిచ్చిన సుక్కమ్మ."